యాభై ఏళ్ల ఎలక్ట్రిక్ ట్రాక్టర్, నా ఆదివారాలు

ఇవాళ్టి టాపిక్ ఒక ట్రాక్టర్. మీరు ఊహించుకునే పొలం దున్నే ట్రాక్టర్ కాదు లెండి. అమెరికాలో ఇంటి చుట్టూ ఎకరం, రెండెకరాల గడ్డి ఉన్నవాళ్లు వాడే చిన్న బండి ఇది. గార్డెన్ ట్రాక్టర్ అంటారు. ఎండాకాలం గడ్డి కోస్తుంది, చలికాలం మంచు తోస్తుంది, మధ్యలో చిన్న ట్రాలీ లాగుతుంది. నా దగ్గరున్నది పెట్రోల్ తాగదు, డీజిల్ తాగదు, బ్యాటరీల మీద నడుస్తుంది. అది తయారై యాభై ఏళ్లు దాటింది.

"యాభై ఏళ్ల క్రితం ఎలక్ట్రిక్ ట్రాక్టర్ ఎక్కడిది బ్రో?" అంటారా? ఉంది. నేనుండేది న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీ దగ్గర. ఇక్కడికి కాస్త దూరంలోనే స్కెనెక్టడీ అనే ఊరుంది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి అది పుట్టిల్లు లాంటిది. ఆ కంపెనీ 1969లో ఎలెక్-ట్రాక్ అనే పేరుతో ఈ బండ్లను మార్కెట్లోకి తెచ్చింది. ఈ12, ఈ15, ఈ20 అని మోడల్స్. అప్పటికి పెట్రోల్ చాలా చవక. బ్యాటరీ ట్రాక్టర్ కావాలని ఎవరూ గొడవ చేయట్లేదు. కొన్నేళ్లకే ఆ కంపెనీ ఈ వ్యాపారం వదిలేసింది. తర్వాత వీల్ హార్స్, న్యూ ఐడియా అనే పేర్లతో కొంతకాలం ఇవే తరహా బండ్లు వచ్చాయి. ఆ తర్వాత అవీ ఆగిపోయాయి.

కథ అక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. ఇప్పటికీ ఇక్కడ కొందరి షెడ్లలో ఈ బండ్లు నడుస్తున్నాయి. కంపెనీ చేతులెత్తేసిన మెషీన్ ఇంత కాలం ఎలా బతికింది అన్నదే ఇవాళ నేను చెప్పాలనుకున్న అసలు విషయం. జవాబు ముందే చెప్పేస్తాను. దాన్ని విప్పొచ్చు. విప్పితే అర్థమవుతుంది. అర్థమైతే మార్చుకోవచ్చు. అంతే.

ముందు బానెట్ ఎత్తితే ఏముంటుందో చూద్దాం. 6 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీలు 6. గోల్ఫ్ బండ్లలో వాడే రకం. ఒకదాని వెనక ఒకటి కలిపితే 36 వోల్టులు. వెనక చక్రాలను తిప్పడానికి ఒక డీసీ మోటార్, గేర్‌బాక్స్. స్పీడ్ మార్చడానికి రిలేలు, రెసిస్టర్లు. ఇక గడ్డి కోసే భాగం దగ్గరకొస్తే, అక్కడ 3 బ్లేడ్లుంటాయి. ఒక్కో బ్లేడుకి ఒక్కో మోటార్, నేరుగా దాని నెత్తినే కూర్చుని ఉంటుంది.

ఈ మూడు మోటార్ల సంగతి దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మజా అంతా ఇక్కడే ఉంది. పెట్రోల్ బండిలో ఇంజిన్ ఒక్కటే. దాని బలం బ్లేడ్ల దాకా చేరాలంటే బెల్టులు, పుల్లీలు, క్లచ్, షాఫ్ట్ అన్నీ కావాలి. కొత్త పని ఏదైనా చేయించాలంటే మళ్లీ బెల్టు ఎలా తిప్పాలా అని తల పట్టుకోవాలి. ఎలక్ట్రిక్ బండిలో బలం వైరులో పోతుంది. వైరు ఎక్కడికి లాగితే బలం అక్కడికొస్తుంది. అందుకే ఆ రోజుల్లోనే దీనికి 36 వోల్టుల సాకెట్ పెట్టి, చెట్లు కోసే రంపం, కంచె మొక్కలు కత్తిరించే కట్టర్, ఆఖరికి వెల్డింగ్ అటాచ్‌మెంట్ కూడా అమ్మారు. అప్పట్లోనే ఇది చక్రాలున్న పవర్ బ్యాంక్ అన్నమాట.

నేను దీన్ని కొన్నప్పుడు బ్యాటరీలు చచ్చిపోయి ఉన్నాయి, సీటు ఎలకలు కొరికేశాయి, వైర్ల మీద పచ్చటి తుప్పు. పాత ఇనుము వాడికి వెళ్లాల్సిన బండి. 600 డాలర్లు ఇచ్చి ట్రైలర్ మీద తెచ్చుకున్నాను. ఇక అక్కడి నుంచి నా ఆదివారాలు దానివే. ఏమేం మార్చానో, ఎందుకు మార్చానో తేలికైన దాంతో మొదలుపెట్టి చెప్తాను.

మొదటిది లైట్లు. పాత బల్బులు తీసేసి ఎల్ఈడీలు పెట్టాను. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, బ్యాటరీలతో ఆడుకునే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. ఎల్ఈడీ లైట్లకి 12 వోల్టులు కావాలి. మన దగ్గర 6 వోల్టుల బ్యాటరీలు 6 ఉన్నాయి. రెండింటి నుంచి వైరు లాగితే 12 వచ్చేస్తుంది కదా, సింపుల్ కదా అనిపిస్తుంది. అలా చేయకూడదు. ఆ రెండు బ్యాటరీలే రోజూ ఎక్కువ ఖర్చవుతాయి. ఛార్జర్‌కి ఆ సంగతి తెలియదు, ఆరింటికీ కలిపి ఛార్జ్ చేస్తుంది. ఆ రెండూ ఎప్పుడూ సగం కడుపుతోనే ఉంటాయి, త్వరగా పోతాయి. వాటితో పాటు మొత్తం ప్యాకే పోతుంది. అందుకే 36ని 12గా మార్చే చిన్న డీసీ కన్వర్టర్ పెట్టాలి. మొత్తం ప్యాక్ నుంచి సమానంగా తీసుకుంటుంది. దాని నుంచే ఒక యూఎస్‌బీ పాయింట్ కూడా లాగాను. ట్రాక్టర్ మీద ఫోన్ ఛార్జింగ్, రెడీ.

రెండోది స్పీడ్ కంట్రోల్. పాత పద్ధతిలో స్పీడ్ మెట్లు మెట్లుగా మారుతుంది. లీవర్ జరిపితే లోపల 'టక్' మని ఒక కాంటాక్టర్ పడుతుంది, బండి ఒక కుదుపుతో ముందుకెళ్తుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు కొంత కరెంటు రెసిస్టర్లలో వేడిగా పోతుంది. దీని బదులు ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెట్టొచ్చు. అది కరెంటును సెకనుకి వేల సార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆన్‌లో ఉండే సమయం పెంచితే స్పీడ్ పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. పీడబ్ల్యూఎం అంటారు. మీ ఫోన్ స్క్రీన్ వెలుగును తగ్గించడానికి కూడా చాలా ఫోన్లలో ఇదే కిటుకు వాడతారు. పెట్టాక బండి నీళ్ల మీద పడవలా కదులుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. ఈ పాత మోటార్లలో ఫీల్డ్ కాయిల్ అని ఒకటి వేరుగా ఉంటుంది. లోడ్ లేకుండా తిరుగుతున్న మోటార్‌కి ఆ ఫీల్డ్ వైరు ఊడిపోతే స్పీడ్ తగ్గదు, విపరీతంగా పెరిగిపోతుంది. కాబట్టి కంట్రోలర్ కొనే ముందు మోటార్ ఏ రకమో తెలుసుకోండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు వెనక చక్రాలు గాల్లో ఉండేలా జాకీ మీద పెట్టి, స్టాండ్లు వేసి, ఫీల్డ్ కనెక్షన్ రెండుసార్లు మీటర్‌తో చూసుకున్నాకే స్విచ్ వేయండి.

ఈ 'టక్' శబ్దం గురించి ఒక మాట. మా నాన్న గుంటూరు జిల్లా నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడు ఇంకా కంట్రోలర్ మార్చలేదు. ఆయనకి ఇంగ్లిష్ రాదు, అమెరికా యంత్రాలంటే కొంచెం బెరుకు. ఇంట్లో వాషింగ్ మెషీన్ కూడా ముట్టుకోలేదు. షెడ్డులో నేను లీవర్ జరపగానే ఆ శబ్దం విని దగ్గరకొచ్చి వంగి చూశారు. "ఇది మన మోటార్ షెడ్డులో స్టార్టరే కదరా" అన్నారు. నిజమే. మా బోరుబావి స్టార్టర్‌లో కాంటాక్టర్ పడినప్పుడు వచ్చే శబ్దమే అది. పాయింట్లు మసిబారితే గీకి శుభ్రం చేయడం ఆయనకి నలభై ఏళ్లుగా తెలిసిన పని. ఆ రోజు మధ్యాహ్నం ఈ బండి కాంటాక్టర్లన్నీ ఆయనే విప్పి శుభ్రం చేశారు. మాన్యువల్ అడగలేదు, నన్నూ అడగలేదు. "పాతదే గానీ రాగి మంచిది వేశాడు" అని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇప్పుడు కంట్రోలర్ వచ్చాక అవన్నీ అవసరం లేదు. అయినా మెయిన్ కాంటాక్టర్ ఒకటి అలాగే ఉంచాను. ఏదైనా తేడా వస్తే మొత్తం కరెంటు కట్ చేయడానికి అదే దిక్కు.

మూడోది బ్యాటరీలు, అందరూ అడిగేది ఇదే. 6 లెడ్-యాసిడ్ బ్యాటరీలు కలిపి సుమారు 170 కిలోలు. వాటి బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ పెట్టాను. ఒక్కో సెల్ 3.2 వోల్టులు. 12 సెల్స్ వరుసగా కలిపితే 38.4 వోల్టులు. 36 వోల్టుల బండికి సరిగ్గా సరిపోతుంది. 200 ఆంపియర్-అవర్ సెల్స్ తీసుకున్నాను. 38.4ని 200తో గుణిస్తే 7,680 వాట్-అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో ఏడున్నర యూనిట్ల పైనే. బరువు సుమారు 50 కిలోలు. నాకు ఎకరం గడ్డి కోయడానికి దాదాపు 3 యూనిట్లు పడుతుంది. అంటే మన ఇంట్లో ఏసీ ఓ రెండు గంటలు నడిచినంత.

దీనికి బీఎంఎస్ అనే బోర్డు తప్పనిసరి. ప్రతి సెల్ వోల్టేజీని విడివిడిగా చూస్తుంది. ఏ ఒక్కటి హద్దు దాటినా మొత్తం ఆపేస్తుంది. నాది బ్లూటూత్ రకం, కాబట్టి ఫోన్‌లో అన్నీ కనిపిస్తాయి. గడ్డి పలచగా ఉన్నచోట ఎన్ని ఆంపియర్లు, వాన పడ్డాక ఒత్తుగా పెరిగినచోట ఎన్ని, మెరక ఎక్కేటప్పుడు ఎన్ని, అన్నీ లైవ్‌లో. 100 ఆంపియర్లు చూపిస్తే దాదాపు 3,800 వాట్లు, అంటే 5 హార్స్‌పవర్. స్కూల్లో బట్టీ పట్టిన ఫార్ములా కళ్ల ముందు గడ్డి కోస్తుంటే వచ్చే కిక్కే వేరు. ఒకరోజు ఆంపియర్లు మామూలుకంటే ఎక్కువ చూపిస్తున్నాయని దిగి చూస్తే ఒక బ్లేడుకి నారతాడు చుట్టుకుని ఉంది. మోటార్ కాలిపోకముందే తెలిసింది.

లిథియంకి ఒక బలహీనత ఉంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు వాటిని ఛార్జ్ చేయకూడదు, సెల్ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. మా ఊళ్లో చలికాలం మైనస్ 15 మామూలే. అందుకే చలిలో ఛార్జింగ్ ఆపేసే బీఎంఎస్ తీసుకున్నాను, సెల్స్ కింద చిన్న హీటింగ్ ప్యాడ్ పెట్టాను. తెలుగు రాష్ట్రాల్లో మీకు ఈ తలనొప్పి దాదాపు ఉండదు. మీకు వేడితోనే సమస్య. మే నెలలో రేకుల షెడ్డు కింద బ్యాటరీ పెట్టకండి.

బ్యాటరీ మార్చాక ఒక తమాషా జరిగింది. బండి 120 కిలోలు తేలికైంది కదా, ఇంకా బాగా లాగుతుందనుకుంటాం. మంచు తోసేటప్పుడు చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పాత బ్యాటరీల బరువు చక్రాలను నేలకి అదిమి పెట్టేదన్నమాట. ఇంజనీర్లు ఆ బరువును ముందూ వెనకా పంచి పెట్టింది ఊరికే కాదు. దీన్ని కస్టమైజ్ చేసేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే వెనక చక్రాలకి ఇనప బరువులు బిగిస్తారు. నేను ముందు రెండు ఇసుక బస్తాలు వెనక కట్టి, ఎంత బరువుకి పట్టు దొరుకుతుందో చూసుకుని, తర్వాత ఆ లెక్కకి ఇనుము కొన్నాను. ఒకటి మారిస్తే ఇంకోటి కదులుతుంది. మెషీన్ మనకి నేర్పే మొదటి పాఠం ఇదే.

ఇప్పుడు సేఫ్టీ. బోర్ కొట్టినా వినాల్సిందే. "36 వోల్టులే కదా, షాక్ కొట్టదు" అంటారు. పొడి చేతికి షాక్ తగలకపోవచ్చు. ప్రమాదం వేరే ఉంది. ఈ బ్యాటరీలు ఒక్క క్షణంలో వందల, వేల ఆంపియర్లు ఇవ్వగలవు. రెండు టెర్మినళ్ల మధ్య స్పానర్ పడితే అది వెల్డింగ్ రాడ్ అయిపోతుంది. వేలికి ఉంగరం ఉంటే ఆ వేలు పోతుంది. కాబట్టి ఉంగరం, వాచీ, చేతి గొలుసు తీసేయండి. స్పానర్లకి ఇన్సులేషన్ టేపు చుట్టండి. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజ్ పెట్టండి, అది డీసీ కోసం చేసిన ఫ్యూజ్ అయ్యుండాలి. మన ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, స్పార్క్ ఆరిపోవడానికి అవకాశం ఉంటుంది. డీసీ అలా సున్నాకి రాదు. ఒకసారి మంట పట్టుకుంటే లాగుతూనే ఉంటుంది. ఏసీ స్విచ్ తెచ్చి డీసీకి వాడితే లోపల పాయింట్లు అతుక్కుపోవచ్చు.

సరే, ఇదంతా చేస్తే డబ్బు మిగిలిందా? మిగల్లేదు. సెల్స్, కంట్రోలర్, కేబుల్స్ అన్నీ కలిపితే బండి ధర కంటే ఎక్కువే అయింది. షోరూముకి వెళ్తే ఇప్పుడు కొత్త బ్యాటరీ మోవర్లు బోలెడు దొరుకుతాయి, సీటు మీద కూర్చుని బటన్ నొక్కితే చాలు. గడ్డి కోయడం ఒక్కటే పనైతే అదే కొనుక్కోండి, నేను కాదనను. ఇది హాబీ. హాబీలో లాభం వేరే లెక్కలో వస్తుంది.

ఆ లెక్క ఏంటో గత చలికాలంలో తెలిసింది. మంచు తుఫానుకి చెట్లు విరిగి లైన్ల మీద పడ్డాయి. మా వీధికి రెండు రాత్రులు కరెంటు లేదు. 36 వోల్టుల నుంచి ఇంట్లో వాడే ఏసీ ఇచ్చే ఇన్వర్టర్ ఒకటి అంతకుముందే బండికి బిగించి ఉంచాను. ట్రాక్టర్‌ని గ్యారేజీలో ఆపి, ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, ఫ్రిజ్, రెండు లైట్లు, వైఫై నడిపాను. పక్కింటి పెద్దాయన ఇన్సులిన్ తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. వీధిలో నలుగురు ఫోన్లు ఛార్జ్ చేసుకున్నారు. జనరేటర్ అయితే పొగ వస్తుంది, గ్యారేజీలో నడిపితే ప్రాణం తీస్తుంది. ఇది చప్పుడు లేకుండా నిలబడి రెండు రాత్రులు పనిచేసింది. ఇలాంటప్పుడు ఎప్పుడూ ఎక్స్‌టెన్షన్ వైరే వాడండి. ఇన్వర్టర్‌ని ఇంటి సాకెట్‌లోకి గుచ్చకూడదు. ఆ కరెంటు బయటి లైన్‌లోకి వెళ్తే, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణానికే ముప్పు.

ఇక మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతికొద్దాం. రెండు మూడేళ్లకి దాని బ్యాటరీ వీక్ అవుతుంది. వెనక భాగం జిగురుతో అతికించేసి ఉంటుంది. స్క్రూ కనపడదు. అసలు విప్పొచ్చా అనే ఆలోచనే మనకి రాకుండా తయారు చేశారు. పెద్ద ట్రాక్టర్లలో కూడా ఇదే గొడవ. రైతు బోల్టు విప్పగలడు గానీ లోపల సాఫ్ట్‌వేర్ తాళం తీయలేడు. దీని మీద అమెరికాలో రైతులు పోరాడితే కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలను రైతే రిపేర్ చేసుకునే హక్కు కోసం చట్టం చేసింది. యూరప్‌లో ఫోన్లలాంటి వస్తువుల బ్యాటరీలను వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలనే నిబంధన 2027 ఫిబ్రవరి నుంచి వస్తోంది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్లో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. చట్టాలు రావాలి, మంచిదే. కానీ విప్పడం తెలిసిన చేతులు లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. నా ట్రాక్టర్ యాభై ఏళ్లు బతికింది హక్కుల వల్ల కాదు. దాని ఓనర్లు ఒకరి తర్వాత ఒకరు దాన్ని విప్పుతూ వచ్చారు కాబట్టి.

"అన్నా, మాకు ఎలెక్-ట్రాక్ ఎక్కడ దొరుకుతుంది?" అంటారు. అక్కర్లేదు. మీ ఊళ్లో ఎవరింట్లోనో పనిచేయని బ్యాటరీ స్ప్రేయర్ ఉంటుంది, మందు కొట్టే డబ్బా. లోపల సాధారణంగా ఒక 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ, చిన్న డీసీ పంపు, ఒక స్విచ్. ఇంతే. ముందు శుభ్రంగా కడగండి, గ్లవ్స్ వేసుకోండి, ఎందుకంటే అందులో పురుగుమందు ఉండి ఉంటుంది. తర్వాత మల్టీమీటర్ పెట్టి చూడండి. బ్యాటరీ పోయిందా, పంపు పోయిందా, స్విచ్ పోయిందా? బ్యాటరీ పోతే దాని బదులు 3.2 వోల్టుల సెల్స్ 4 ఉన్న 12.8 వోల్టుల ప్యాక్ పెట్టొచ్చు, బీఎంఎస్ ఉన్నది, దానికి సరిపోయే ఛార్జర్‌తో సహా. భుజం మీద బరువు ఎంత తగ్గుతుందో మోసేవాళ్లని అడగండి. నా ట్రాక్టర్‌లో చేసిన పనికి ఇది చిన్న తమ్ముడు. లెక్క అదే, జాగ్రత్త అదే, మజా కూడా అదే.

అది అయ్యాక ఈ-రిక్షా మోటార్లు, కంట్రోలర్లు మార్కెట్లో దొరుకుతాయి. చిన్న ట్రాలీ బండి కట్టొచ్చు. మీ ఊరి మోటార్ వైండింగ్ షాపులో ఆయనతో పరిచయం పెంచుకోండి. ఒక సాయంత్రం అక్కడ కూర్చుంటే వంద వీడియోలు చూసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. ఈ మాట వీడియోలు చేసే నేనే చెప్తున్నాను, గుర్తుపెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో మల్టీమీటర్‌తో బ్యాటరీ, ఫ్యూజ్, స్విచ్ ఎలా చెక్ చేయాలో చూద్దాం. మీటర్ ఒకటి కొని దగ్గర పెట్టుకోండి, నాతో పాటే చేద్దురుగానీ. అప్పటిదాకా ఉంగరాలు తీసేసి పని చేయండి. ఉంటాను మరి.